మొటిమల మలాంలతోని మొఖం కాలినట్టయింది, పెండ్లి ఐదు వారాలున్నది. ముందుగాల ఏది ఆపాలె?

లష్కర్‌బజార్_లలిత
చెల్లె మొఖం సంగతి. రెండు బుగ్గలు, గదవ కాలినట్టు ఎర్రగున్నయి. ముక్కు పక్కలకు పొట్టు లేస్తున్నది. ఉత్త నీళ్లు తగిలినా చుర్రుమంటున్నది. వాడుతున్నవి చెప్తున్న: పొద్దున సాలిసిలిక్ ఆసిడ్ 2% ఫేస్‌వాష్. రాత్రి బెంజాయిల్ పెరాక్సైడ్ 5% జెల్, దాని మీదనే ట్రెటినోయిన్ 0.05%. వారానికోసారి ఇంట్లనే గ్లైకోలిక్ పీల్ (పై తోలు ఊడదీసే ఆమ్లం పూత). ఇవి గాక మెడికల్ షాపుల "తెల్లగైతది" అని ఇచ్చిన ఒక ట్యూబు, నాలుగు నెలల సంది రోజూ. ఆ ట్యూబు పెట్టినన్ని రోజులు మంచిగనే ఉంటది, రెండు రోజులు ఆపితే మొటిమలు ఎగబడుతున్నయి. అన్నీ ఒక్కసారే ఆపాల్నా? ఏది ముందు?

కాజీపేట_ప్యాసింజర్
ఒక్క మొఖం మీద ఐదు మందులా. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుల మిర్చి బస్తాలు దించేటప్పుడు సుత ఇంత మంట ఉండదు.

ఎర్రగీత
మిగతా నాలుగు తర్వాత చూద్దాం అక్కా. ఆ "తెల్లగయ్యే" ట్యూబు వెనకాల చిన్నక్షరాలు చదివి ఇక్కడ పెట్టు. కంపెనీ పేరొద్దు, మందుల పేర్లు, వాటి పక్కన శాతాలు గావాలె. మొమెటాసోన్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, క్లోబెటసాల్, ఫ్లుయోసినోలోన్... వీటిల ఏ ఒక్కటున్నా అది స్టెరాయిడే. "ఆపితే మొటిమలు ఎగబడుతున్నయి" అన్న మాట తోనే నాకు అనుమానమొచ్చింది.

లష్కర్‌బజార్_లలిత
చూసిన. హైడ్రోక్వినోన్ 2%, ట్రెటినోయిన్ 0.025%, మొమెటాసోన్ ఫ్యూరోయేట్ 0.1%. పక్కన నిలువు ఎర్రగీత సుత ఉన్నది.

ఎర్రగీత
అనుకున్నదే. ఇంకొకటి గమనించు: ట్రెటినోయిన్ రెండు ట్యూబులల్ల ఉన్నది. అంటే ఒకే మందు రోజుకు రెండు దిక్కుల నుంచి పడుతున్నది. ఎర్రగీత అంటే డాక్టరు చీటీ లేంది అమ్మొద్దని. 2018ల 14 స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్ (చీటీ మీదనే అమ్మాల్సిన మందుల పట్టీ) కిందికి తెచ్చిండ్రు. కాయిదం మీద రూలు గట్టిదే. కౌంటర్ కాడ మాత్రం "మొఖానికి ఏదన్న మంచి క్రీమియ్యి" అంటే చాలు, చేతిల పడుతది.

మానుకోట_మాస్టారు
ఈ మూడు మందుల కలయిక కొత్తదేం కాదు. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే అమెరికా చర్మవైద్యులు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, డెక్సామెథాసోన్ కలిపి ఒక పూత చేశారు. నల్లదనాన్ని తగ్గించడం దాని పని. ఇప్పుడు దొరికేవి దాని పిల్లలే, మంగు మచ్చలకు కొన్ని వారాలు మాత్రమే వాడాల్సినవి. మొటిమలకు దీనితో సంబంధం లేదు. స్నో లాగా రోజూ రాసుకునేది అంతకన్నా కాదు.

డీవీఎల్_నోట్స్
ఇక్కడ రెండు రకాల దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాటిని విడదీసి చూడకపోతే వైద్యం తప్పుతుంది.

మొదటిది పై పొర దెబ్బ. చర్మం పైన మృతకణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, మధ్యలో కొవ్వు (సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు) సున్నంలా పట్టి ఉంచుతుంది. సాలిసిలిక్, గ్లైకోలిక్, పెరాక్సైడ్, రెండు ట్రెటినోయిన్లు కలిసి ఆ సున్నాన్ని గీకేశాయి. నీళ్లు తగిలినా చుర్రుమనేది అందుకే. ఇది బాగయ్యే దెబ్బే. ఆమ్లాలన్నీ ఆపి తడి నిలబెడితే రెండు నుంచి నాలుగు వారాల్లో చాలా వరకు కుదురుకుంటుంది.

రెండోది స్టెరాయిడ్ దెబ్బ. స్టెరాయిడ్ రక్తనాళాలను ముడిచి ఎరుపు తగ్గిస్తుంది, వాపు అణుస్తుంది. మొదటి వారంలో మొఖం నున్నగా, తెల్లగా కనిపించేది దాని వల్లే. నెలలు గడిస్తే తోలు పలచనవుతుంది, సన్నటి ఎర్ర నరాలు బయటపడతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, అన్నీ ఒకే సైజులో ఉండే పొక్కులు లేస్తాయి. ఆపగానే ముడుచుకున్న నాళాలన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. ఎరుపు, మంట, పొక్కులు. వాడేవాళ్లేమో "మందు ఆపినందుకే వచ్చింది" అనుకుని మళ్లీ రాస్తారు. ఈ చక్రానికే మన దేశపు చర్మవైద్యులు స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అని విడిగా పేరు పెట్టారు.

సర్వపిండి_గిన్నె
ఏ ఎరుపు ఏ దెబ్బదో ఇంట్ల తెలుస్తదా?

డీవీఎల్_నోట్స్
పూర్తిగా తెలియదు, కొంత తెలుస్తుంది. పలచటి గాజు గ్లాసు కడిగి తుడిచి, అడుగు కాకుండా పక్క భాగాన్ని బుగ్గకు ఆనించి మెల్లగా ఒత్తండి. కిటికీ వెలుతురులో గ్లాసు గుండా చూడండి. ఒత్తినప్పుడు ఎరుపు మాయమై, తీయగానే మళ్లీ నిండితే అది రక్తనాళాల ఎరుపు. ఒత్తినా గోధుమరంగు అలాగే నిలిస్తే అది మచ్చ రంగు. మొదటిదానికి మచ్చల క్రీములు రాస్తే ఏమీ కాదు, మంట తప్ప. రెండోదానికి ఎండ తగలకుండా చూడటం, అజెలాయిక్ ఆసిడ్ లాంటివి పనిచేస్తాయి, కానీ నెలలు పడుతుంది.

లష్కర్‌బజార్_లలిత
గ్లాసు పెట్టి చూసిన. బుగ్గల మీద ఎరుపు పోయి మల్ల వస్తున్నది. గదవ మీద నాలుగైదు సుక్కలు గోధుమరంగువి అట్లనే ఉన్నయి.

కాజీపేట_ప్యాసింజర్
చపాటా మిర్చి రంగు బాగా ఎరుపే గని కారం తక్కువ. ఈ ఎరుపుకు రంగూ ఉన్నది, కారమూ ఉన్నది.

కత్తెర_దువ్వెన
పెండ్లి ఐదు వారాలే అంటున్నరు గదా. ఇప్పుడు స్టెరాయిడ్ ఆపితే సరిగ్గ నలుగు నాటికి మొఖమంత పొంగుతది. పెండ్లి దాకా ఎట్లనో అట్ల నడిపి, తర్వాత ఆపుడు మంచిదేమో? మేకప్ ఏసేటోళ్లకు పొంగిన మొఖం మస్తు కష్టం.

ఎర్రగీత
గిదే మాటతోని నాలుగు నెలలు ఎనిమిదైతయి. పెండ్లి అయినంక ఒడిబియ్యం, తర్వాత తొలి బతుకమ్మ, ఫొటోలకు ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటది.

మానుకోట_మాస్టారు
నా ఓటు ఈ రాత్రి నుంచే అన్నీ ఆపేయడానికి. విషం అని తెలిసాక చెంచాతో తాగుతామా, గరిటెతో తాగుతామా అని లెక్క ఎందుకు?

డీవీఎల్_నోట్స్
మాస్టారూ, ఆమ్లాలకు, పీల్‌కు, ట్రెటినోయిన్‌కు, పెరాక్సైడ్‌కు మీ మాట నూటికి నూరు పాళ్లు సరి. ఈ రాత్రే బంద్. స్టెరాయిడ్ దగ్గర లెక్క వేరు. రెండు మూడు వారాలు వాడి ఉంటే ఒక్కసారి ఆపేయొచ్చు. రోజూ నాలుగు నెలలు వాడిన మధ్యస్థ బలం మందును తటాలున ఆపితే, కొద్ది రోజుల నుంచి రెండు వారాల లోపు ఎదురుదెబ్బ వస్తుంది. అది వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. ఒక్కసారే ఆపించే డాక్టర్లూ ఉన్నారు. ఎక్కువ మంది చేసేది మెట్లు దించడం: మొమెటాసోన్ తీసేసి హైడ్రోకార్టిసోన్ 1% లాంటి బలహీనమైనది కొద్ది రోజులు, తర్వాత రోజు విడిచి రోజు, దానితో పాటే స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ 0.03% లేదా 0.1% మొదలుపెట్టడం. పొక్కులు ఎక్కువుంటే డాక్సీసైక్లిన్ మాత్రలు. ఇది చీటీతో, చూసే డాక్టరు కింద జరగాలి, మనం ఇక్కడ రాసిచ్చేది కాదు.

కత్తెర_దువ్వెన గారి లెక్కకు జవాబు కూడా ఇదే. ఐదు వారాలుంది కాబట్టే ఇప్పుడు మెట్లు దిగే వీలుంది. రెండు వారాలే మిగిలితే ఆ వీలు కూడా ఉండదు.

జమ్మికుంట_పత్తి
టాక్రోలిమస్ రాస్తే మంట పుడుతదని చాలమంది మూడో రోజే పడేస్తరు.

డీవీఎల్_నోట్స్
అవును, మొదటి వారం మంట, వెచ్చదనం మామూలే. ట్యూబును ఫ్రిజ్ తలుపు అరలో పెట్టి చల్లగా రాస్తే తగ్గుతుంది. మొఖం కడిగిన వెంటనే కాకుండా, పూర్తిగా ఆరిన తర్వాత రాయాలి. రాసిన రోజుల్లో ఎండ నుంచి కాపాడుకోవాలి.

లష్కర్‌బజార్_లలిత
ఎవలకు చూపియ్యాలె? మా దిక్కు ఆర్ఎంపీ సుత "నేనే చూస్త" అంటున్నడు.

ఎర్రగీత
బోర్డు మీద పేరు వెనకాల ఎండీ డీవీఎల్, లేదంటే డీడీవీఎల్ (రెండూ చర్మవైద్యం చదువులే) ఉన్నోళ్ల దగ్గరికి. పైసలు చూసుకోవాలంటే వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల చర్మవ్యాధుల ఓపీ ఉన్నది. పోయేటప్పుడు ట్యూబులన్నీ, ఖాళీవి సుత, ఒక కవర్ల ఏసుకపోండి. "ఏదో తెల్ల క్రీమ్" అంటే డాక్టరు ఏం జెయ్యాలె? ఏ ట్యూబు ఎన్ని రోజుల సంది, నెలకు ఎన్ని ట్యూబులు అయినయి, అది ఒక కాయిదం మీద రాసుకపోతే సగం పని అయినట్టే.

డీవీఎల్_నోట్స్
అపాయింట్‌మెంట్ దొరికే దాకా ఇంట్లో చేసేది.

పొద్దున ఉత్త నీళ్లతో కడగడమే, సబ్బు వద్దు. రాత్రి ఒక్కసారి సబ్బు లేని క్లెన్సర్, వాసన లేనిది, పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గితే ఆమ్లం ఎక్కువ) 5.5 దగ్గర ఉన్నది. నీళ్లు గోరువెచ్చన కూడా కాదు, కుండ నీళ్ల చల్లదనం చాలు. మెత్తటి పాత కాటన్ బట్టతో అద్దాలి, రుద్దొద్దు. తడి పూర్తిగా ఆరకముందే, మూడు నిమిషాల లోపు, సెరమైడ్ లేదా గ్లిజరిన్ ఉన్న మాయిశ్చరైజర్. రోజుకు రెండుసార్లు అని ఎక్కడో రాసి ఉంటుంది, ఇలాంటి మొఖానికి నాలుగుసార్లు రాసినా తప్పు లేదు. పగిలి చీలిన చోట, అంటే ముక్కు పక్కలు, పెదవి మూలలు, రాత్రి పూట పెట్రోలియం జెల్లీ బియ్యపు గింజంత. మొఖమంతా జెల్లీ పూయొద్దు, మన చెమటకు చికాకు.

ఎక్కడైనా నీరు కారుతుంటే: అర లీటరు నీళ్లు మరగబెట్టి చల్లార్చి, అందులో నాలుగున్నర గ్రాముల ఉప్పు, టీ చెంచాకు కొంచెం వెలితిగా. శుభ్రమైన పలచటి కట్టు గుడ్డ (గాజ్) నాలుగు మడతలు వేసి ముంచి, పిండి, పది నిమిషాలు వేసి ఉంచండి. రోజుకు రెండుసార్లు. తీసిన వెంటనే మాయిశ్చరైజర్, లేకపోతే ఇంకా ఎండిపోతుంది. ఉప్పు నీళ్లు ఏ రోజువి ఆ రోజే. లేచిన పొట్టును గోరుతో గుంజొద్దు, దాని కింద పచ్చి తోలు ఉంటుంది. మచ్చ అక్కడే పడుతుంది.

పసుపు పచ్చ పెచ్చులు, చీము, జ్వరం, కంటి చుట్టూ వాపు, గుంపుగా నీటి పొక్కులు... వీటిలో ఏది కనబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, అదే రోజు పోవాలి.

సర్వపిండి_గిన్నె
కలబంద, కొబ్బరినూనె, నిమ్మరసం? ఇంట్లయి కదా, చల్లగ ఉంటయి.

మానుకోట_మాస్టారు
నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర. మొఖం పీహెచ్ నాలుగున్నర నుంచి ఐదున్నర. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే ఆమ్లం పది రెట్లు. ఇప్పటికే గ్లైకోలిక్‌తో కాలిన తోలు మీద ఇంకొక ఆమ్లం పిండినట్టు. పైగా నిమ్మరసం రాసుకుని ఎండలో తిరిగితే నల్ల మరకలు పడతాయి. వంటసోడా 8 పైన, మామూలు ఒంటి సబ్బు 9, 10 దగ్గర, రెండూ అటు పక్క. "చల్లగ" అనేది చేతికి తెలిసేది, తోలు లెక్క వేరు.

జమ్మికుంట_పత్తి
కొబ్బరినూనె మొటిమల మొఖానికి వద్దు, రంధ్రాలు మూసుకుంటయి. కలబంద మట్టతోని గీసి రాస్తే కోసిన చోట కారే పసుపుపచ్చ జిగురు దురద పుట్టిస్తది. ఇంక ఊర్లల్ల జిల్లేడు పాలు పెట్టేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. అది తోలు కాల్చుడే కాదు, చెయ్యి కంటికి తగిలిందంటే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటది. టూత్‌పేస్టు, ఎల్లిగడ్డ, సున్నం అన్నీ అదే ఖాతా.

కాజీపేట_ప్యాసింజర్
వంటింట్ల మిగిలింది అల్లం ఒక్కటే. అది చాయ్‌ల ఎయ్యిండ్రి.

లష్కర్‌బజార్_లలిత
స్కూటీ మీద పోతది, చున్నీ మొఖానికి చుట్టుకుంటది. అది చాలదా, సన్‌స్క్రీన్ గావాల్నా? రాస్తే మంట అంటున్నది.

డీవీఎల్_నోట్స్
మంట పుట్టేది రసాయన ఫిల్టర్ల రకంతో. ఇప్పటికి జింక్ ఆక్సైడ్ రకం, ఎస్పీఎఫ్ 30 లేదా ఆపైన. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా గీత పెడితే వచ్చినంత. అంతకంటే తక్కువ రాస్తే డబ్బా మీద అంకె డబ్బా మీదే ఉంటుంది. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ. గదవ మీద గోధుమ సుక్కలకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు, కనిపించే వెలుతురును కూడా అదే ఆపుతుంది.

జమ్మికుంట_పత్తి
చున్నీ సంగతి: పల్చటి కాటన్ అయితే ఎండ పూర్తిగ ఆగదు. పాలిస్టర్ అయితే లోపల చెమట, రాపిడి. బుగ్గ ఎముక మీద, గదవ మీద వరుసగ పొక్కులు లేస్తయి, హెల్మెట్ పట్టీ కాడ అదే కథ. ముదురు రంగు దట్టమైన కాటన్, వదులుగ, రోజూ ఉతికింది. సర్ఫు వాసన గుప్పుమంటే ఇంకోసారి జాడియ్యాలె.

సర్వపిండి_గిన్నె
మా దగ్గర బోరు నీళ్లు, సబ్బు నురగే రాదు. అది సుత కారణమా?

మానుకోట_మాస్టారు
కొంత. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి. స్నానాల గదిలో బకెట్టు అంచుకు తెల్లగా పట్టేది అదే, తోలు మీద కూడా పడుతుంది. సబ్బు లేని క్లెన్సర్‌తో ఆ తెట్టు ఏర్పడదు. చివర ఒక చెంబెడు మిషన్ భగీరథ నల్లా నీళ్లతోనో, తాగే నీళ్లతోనో కడుక్కుంటే చాలు. ఇంటికి సాఫ్ట్‌నర్ పెట్టించాల్సినంత పని కాదు.

లష్కర్‌బజార్_లలిత
మొటిమల మందులు మొత్తం ఆపితే మొటిమలకు ఏం పెట్టాలె? అది చెప్పలే ఎవలు.

డీవీఎల్_నోట్స్
మొదటి రెండు మూడు వారాలు ఏమీ పెట్టొద్దు. నీళ్లు తగిలినప్పుడు చుర్రుమనడం పోయి, మాయిశ్చరైజర్ రాస్తే ఏమీ అనిపించని రోజులు వరుసగా వారం గడిచాక ఒకే ఒక్కటి మొదలుపెట్టాలి. చాలామందికి అజెలాయిక్ ఆసిడ్ 10% తో మొదలుపెడతారు, రోజు విడిచి రోజు రాత్రి. మొటిమకూ, ఎరుపుకూ, మచ్చకూ మూడింటికీ పనికొస్తుంది, కడుపుతో ఉన్నవాళ్లకూ ఇస్తారు. కొంచెం చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే. రెండు వారాలు నిలకడగా ఉంటేనే రెండో మందు ఆలోచన.

తర్వాత రెటినాయిడ్ (ట్రెటినోయిన్ జాతి మందు) కావాలంటే ట్రెటినోయిన్ 0.05% కాదు, అడాపలిన్ 0.1%. శనగ గింజంత మొఖం మొత్తానికి. మొటిమ మీద సుక్క పెట్టడం కాదు. కడిగాక 20 నిమిషాలు ఆరనిచ్చి, ముందు మాయిశ్చరైజర్, మధ్యలో మందు, పైన మళ్లీ మాయిశ్చరైజర్. ముక్కు మూలలు, కంటి కింద, పెదవి అంచులు వదిలేయాలి, మందు పాకి చేరేది అక్కడికే. వారానికి రెండు రాత్రులతో మొదలు. ఫలితం చూడాలంటే 12 వారాలు.

ఎర్రగీత
పెరాక్సైడ్ మీద ఒక మాట. 2.5% కు, 10% కు పనిల పెద్ద తేడా లేదు, మంటల ఉన్నది. దాని మీద మామూలు ట్రెటినోయిన్ రాస్తే పెరాక్సైడ్ దాన్ని చెడగొడుతది. మంట రెండింతలు, లాభం సగం. తర్వాత ఎప్పుడన్నా వాడాలంటే వాష్ రూపంల రెండు మూడు నిమిషాలు ఉంచి కడుగుడు మంచిది. ఎండలో, బండి డిక్కీల పెట్టొద్దు, వేడికి చెడిపోతది. దిండు గలీబు, తువాల రంగు పోతది. పెండ్లి పట్టుచీర దగ్గరికి అసలే తేవద్దు.

జమ్మికుంట_పత్తి
మొదట్ల మొటిమలు పెరుగుతే "మందు పని చేస్తున్నది, లోపలి చెత్త బయటికొస్తున్నది" అని ఆగమంటరు గదా. మంట అయితే సుత ఆగాల్నా?

డీవీఎల్_నోట్స్
ఆ మాట వల్లే సగం మొఖాలు కాలుతున్నాయి. రెటినాయిడ్‌తో మొదట్లో మొటిమలు పెరగడం నిజమే. కానీ అవి ఎప్పుడూ వచ్చే చోటే వస్తాయి, నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గుతాయి. మంట, బిగుతు, పొట్టు, ఎన్నడూ రాని చోట పొక్కులు అంటే అది దెబ్బ, ఆగాల్సిన పని లేదు. నుదుటి మీద ఒకే సైజులో దురద పెట్టే చిన్న పొక్కులైతే ఇంకో కథ, అది ఈస్ట్ అనే బూజు కావచ్చు. యాంటీబయాటిక్ మాత్రలు చాలా రోజులు మింగినవాళ్లలో చూస్తాం. దానికి మొటిమల మందు ఎంత రాసినా తగ్గదు.

ఇంకొక సంగతి, పెండ్లి కాబట్టి చెప్పాలి. ఎవరైనా ఇప్పుడు మొటిమలకు ఐసోట్రెటినోయిన్ (మింగే రెటినాయిడ్) మాత్రలు రాస్తామంటే, మింగే కాలమంతా, ఆపాక కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. బిడ్డకు తీవ్రమైన అవకరాలు వస్తాయి. పూసే రెటినాయిడ్లు కూడా కడుపుతో ఉన్నప్పుడు వద్దంటారు. ఈ మాట పెండ్లికి ముందే పిల్లకు సూటిగా చెప్పండి, సిగ్గుపడి దాచే విషయం కాదు.

కత్తెర_దువ్వెన
నేను ముందు అన్న మాట వెనక్కి తీసుకుంటున్న. పార్లరు దిక్కు నుంచి చెప్పేది: ఈ మొఖానికి బ్లీచ్ వద్దు, దాంట్ల పెరాక్సైడ్, అమోనియా ఉంటయి. స్టీమ్ వద్దు, స్క్రబ్ వద్దు, "పెండ్లి గ్లో" పీల్ వద్దు. మైనం అసలే వద్దు, ట్రెటినోయిన్ వాడిన తోలు మైనంతోని పాటు పొరలాగ లేసి వస్తది. ఐసోట్రెటినోయిన్ మాత్రలు మింగినోళ్లకైతే ఆపినంక ఆరు నెలల దాకా మైనం పెట్టం. స్టెరాయిడ్ వల్ల నూగు పెరిగింది గదా అని మంది మొఖమంత మైనం అడుగుతరు, అది ఇంకా పైలం. కనుబొమ్మలకు దారం సరిపోతది. పెండ్లి నాడు ఎరుపు కనబడకుంట ఆకుపచ్చ కరెక్టర్ చుక్కలు పెట్టి, వేలితోని అద్ది, పైన పల్చటి ఫౌండేషన్. కొత్త మేకప్ సామాను వారం ముందు చెవి కింద రాసి చూడాలె. రాత్రి తీసేటప్పుడు తుడిచే వైప్స్ కాదు, క్లెన్సర్ రెండుసార్లు.

లష్కర్‌బజార్_లలిత
శుక్రవారానికి డాక్టరు దొరికిండు. ట్యూబులన్నీ కవర్ల ఏసిన. ఒక్కటే మిగిలింది: నలుగు. మేనత్తలు పసుపు, సున్నిపిండి తెచ్చి మొఖమంత రుద్దుతరు. ఆపుతే ఊకుంటరా?

కత్తెర_దువ్వెన
రుద్దుడే సమస్య. సున్నిపిండి గరుకు, పల్చబడ్డ తోలు మీద గీతలు పడతయి. పసుపు కాళ్లకు, చేతులకు, భుజాలకు ఎంతన్నా పెట్టనియ్యిండ్రి. మొఖానికి బొట్టు లెక్క రెండు బుగ్గలకు రెండు వేళ్లతోని తాకిచ్చి తీసేయాలె. బజారు పొడి కాదు, కొమ్ములు కొని ఇంట్ల దంచిన పసుపు, దాంట్ల రంగు కలిపే భయముండదు. నలుగుకు పది నిమిషాల ముందు మొఖానికి పెట్రోలియం జెల్లీ పల్చగ రాస్తే పసుపు లోపలికి పట్టదు. తీసేటప్పుడు పిండితోని కాదు, తడిగుడ్డతోని అద్ది తీయాలె.

ఎర్రగీత
డాక్టరు టాక్రోలిమస్ రాస్తే నలుగు నాడు ఎప్పుడు రాయాల్నో సుత శుక్రవారమే అడుగు.

లష్కర్‌బజార్_లలిత
రాసుకున్న. ఇగ పెద్ద మేనత్తకు ఎవలు చెప్తరో అది సుత చెప్పుండ్రి.

కాజీపేట_ప్యాసింజర్
దానికి ఏ ట్యూబూ లేదక్కా. సున్నిపిండి డబ్బా దాచిపెట్టు, పసుపు గిన్నె చేతికియ్యి, కాళ్ల దిక్కు కూసోబెట్టు.